అప్‌డేట్: మిర్యాలగూడ నుంచి అమెరికా ఎస్‌బీఐఆర్ గ్రాంట్‌కు అప్లై చేయొచ్చా?

అప్పుడు నేనడిగింది: మా ఉప్పుడు బియ్యం మిల్లులో ఊకను కాల్చి గ్యాస్‌గా మార్చే గ్యాసిఫైయర్ మీద పరిశోధనకు, డల్లాస్‌లోని బావమరిది పేరున కంపెనీ పెట్టి అమెరికా ఇంధన శాఖ ఎస్‌బీఐఆర్ గ్రాంట్ (చిన్న కంపెనీల పరిశోధనకు అక్కడి సర్కారిచ్చే డబ్బు) తెచ్చుకోవచ్చా అని. జవాబిచ్చినోళ్లందరికీ థాంక్స్.

కుదరదు. కంపెనీలో సగానికి మించి వాటా అమెరికా పౌరులదో గ్రీన్‌కార్డ్ ఉన్నోళ్లదో కావాలె. బావమరిది ఇంకా హెచ్‌1బీ మీదే. అది సర్దుకున్నా పరిశోధన అక్కడే చేయాలని అక్కడి అటార్నీ తేల్చిండు. మా ఊకేమో ఇక్కడుండె!

పనికొచ్చింది, నిధి-ప్రయాస్ అనే స్కీమ్ చూడమని ఇక్కడ ఒకరిచ్చిన సలహా. కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ డబ్బు. ప్రోటోటైప్‌కు (మొదటి నమూనాకు) 10 లక్షల దాకా, కొత్త కంపెనీలకు సాయం చేసే ఇంక్యుబేషన్ సెంటర్ ద్వారా ఇస్తరు. దానికి అప్లై చేస్తే, ఇంటర్వ్యూలో సెంటర్ వాళ్లు పట్టుకున్నది బూడిద సంగతే. ఊక బూడిదలో ఎక్కువ సిలికానే, వేడి మించితే గడ్డకట్టి గ్యాసిఫైయర్‌లో బూడిద రాలే జల్లెడకు అంటుకుంటది. అట్లాంటి గడ్డనొకటి జేబులో తీసుకపోయి టేబుల్ మీద పెట్టిన. ఆ తర్వాత నా స్లైడ్‌లు ఎవరూ చూడలే. మంజూరైంది, మొదటి విడత రాంగనే జల్లెడ పని మొదలుపెడత.