రైళ్లు రాని స్టేషన్‌ను కాపాడుకోవాలా? బఫెలో సెంట్రల్ టెర్మినల్‌పై చర్చ

బఫెలో వాసి:
న్యూయార్క్ రాష్ట్రంలో మా ఊరి సెంట్రల్ టెర్మినల్ 1929 జూన్‌లో మొదలైంది. 1979 అక్టోబరు తర్వాత రైళ్లు ఆగడం లేదు. 1997 నుంచి స్థానికులు పెట్టుకున్న సంస్థ దాన్ని చూసుకుంటోంది. కొత్త స్టేషన్ ఎక్కడ ఉండాలన్న ప్రశ్న వచ్చినప్పుడు, 2017లో కమిటీ దీన్ని కాదని డౌన్‌టౌన్‌కే ఓటేసింది. అయినా 2022లో దీని బాగు కోసం గవర్నర్ 61 మిలియన్ డాలర్లు ప్రకటించారు. ఈ ఖర్చు సబబేనా?

లెక్కల మనిషి:
కాదనే అంటాను. డౌన్‌టౌన్‌కు రెండున్నర మైళ్ల దూరంలో కట్టారు. ఊరు అటే పెరుగుతుందనుకున్నారు, పెరగలేదు. రోజుకు 200 రైళ్లు, 10,000 మంది ప్రయాణికులు అని లెక్కేసి కడితే నాలుగు నెలలకే షేర్ మార్కెట్ కుప్పకూలింది. 1956 నాటికి రైల్వే కంపెనీయే అమ్మకానికి పెట్టింది. కట్టినవాళ్లే వద్దనుకున్నదాన్ని మనమెందుకు మోయాలి? చుట్టూ ఉన్న ఈస్ట్ సైడ్‌లో కప్పు కారే ఇళ్లున్నాయి. ముందు వాటి సంగతి చూడాలి.

తూర్పుగాలి:
చోటు విషయంలో మీరన్నది నిజమే అన్నా. కానీ ఈ 61 మిలియన్లు ఎందుకొచ్చాయో కూడా చూడాలి. 1984లోనే ఈ భవనం జాతీయ చారిత్రక జాబితాకెక్కింది. దానివల్ల ఒరిగిందేముంది? సొంతదారు ప్రైవేటు మనిషైతే ఆ జాబితా అతని చేతులు కట్టేయదు. దీపాలు, అలంకారాలు ఒక్కొక్కటే ఊడదీసి అమ్ముకున్నారు. హాలు మధ్యలో ఉండే నాలుగు ముఖాల గడియారం కూడా పోయింది. అది చికాగోలో అమ్మకానికి వస్తే, జనం చందాలు వేసుకుని 25,000 డాలర్లకు వెనక్కి కొన్నారు.

1997లో ఒక్క డాలరుకు భవనం స్థానికుల సంస్థ చేతికొచ్చింది, పాత పన్ను బాకీలతో సహా. అప్పుడు చేతికందినది 17 అంతస్తుల టవర్, పగిలిన కిటికీలు, గుట్టలకొద్దీ చెత్త. 1999లో టవర్ మీది గడియారాలకు మళ్లీ దీపాలు వెలిగించారు. 2003 నుంచి జనాన్ని లోపలికి తీసుకెళ్లి చూపించడం మొదలుపెట్టారు. అందరికీ కనిపించేవి ఇవే. అసలు పోరాటం మాత్రం నీళ్లతో. బఫెలో మంచు సంగతి మీకు తెలుసు. కప్పు మీది నీళ్లు పోయే గొట్టం ఒక్కటి మూసుకుపోతే చాలు, నీళ్లు గోడలోకి దిగి, రాత్రికి గడ్డకట్టి, ఇటుకను లోపలి నుంచి పగలగొడతాయి. పొద్దున కరిగి ఇంకాస్త లోపలికి దిగుతాయి. ఏళ్ల తరబడి వలంటీర్లు ఆ కప్పును, ఆ గొట్టాలను పట్టించుకోకపోతే 2022లో డబ్బు పెట్టడానికి అక్కడ భవనమే ఉండేది కాదు.

కాచిగూడ కుర్రాడు:
తూర్పుగాలి గారితో నేను ఏకీభవిస్తున్నా. మన సికింద్రాబాద్ పాత స్టేషన్ ముందుభాగాన్ని 2025లో కూల్చేశారు. కొత్తది పెద్దదిగా, సౌకర్యంగా ఉంటుంది, కాదనను. కానీ ఆ ఆర్చీల కింద కూలీని పిలిచిన తరాలకు చూపించడానికి ఇక ఫొటోలే మిగిలాయి. 1916 నాటి కాచిగూడ స్టేషన్ ఇంకా నిలబడి ఉంది. కూల్చే మాట వచ్చాక కాదు, ఇప్పుడే మనం దాని గురించి గట్టిగా అడగాలి.

లెక్కల మనిషి:
తమ్ముడూ, కాచిగూడలో రోజూ రైళ్లు ఆగుతాయి. జనం తిరిగే చోటు తనను తాను కాపాడుకుంటుంది. బఫెలోకు ఆ బలం లేదు, డౌన్‌టౌన్‌లో కొత్త స్టేషన్ 2020లోనే తెరిచారు. వలంటీర్ల కష్టాన్ని నేను చిన్నబుచ్చడం లేదు. అంత పెద్ద హాలుకు చలికాలం హీటింగ్ బిల్లు ఎవరు కడతారు? దానికి జవాబు లేకుండా రిపేర్లు మొదలుపెడితే పదేళ్లకు మళ్లీ ఇదే టెన్షన్.

తూర్పుగాలి:
హీటింగ్ బిల్లు ప్రశ్న న్యాయమైనదే. అందుకే టవర్‌తో మొదలుపెట్టొద్దంటాను. ముందు హాలు తెరవాలి. పోలిష్ వాళ్ల డింగస్ డే పండగకు అక్కడ జనం కిటకిటలాడేవారు. ఆ పేట వాళ్లు దాన్ని ఎప్పుడూ పరాయిదిగా చూడలేదు. హాలు అద్దెలతో కప్పు ఖర్చు వెళ్లాక టవర్ సంగతి చూడొచ్చు.

ఇళ్ల గురించి మీరన్నదాన్ని నేను పక్కన పెట్టను. స్టేషన్ పనుల్లో ఈస్ట్ సైడ్ వాళ్లకే మొదట ఉద్యోగాలివ్వాలి, తాపీపని, కప్పుపని అక్కడి కుర్రాళ్లకు నేర్పించాలి. కాంట్రాక్టు సంతకాల కంటే ముందే ఈ రెండూ కాగితం మీదికి రావాలని మనం పట్టుబట్టాలి.