ఠాకురాణి యాత్రకి లైంగిక ఆరోగ్య ప్రచారం: గోడ మీదా, గదిలోనా?

కాలేజీరోడ్_బరంపురం:
ఒడిశాలోని బరంపురంలో మా తెలుగు వీధుల సంఘం వచ్చే ఠాకురాణి యాత్రలో లైంగిక ఆరోగ్యం మీద ప్రచారం చెయ్యాలనుకుంటోంది. రెండేళ్లకోసారి వచ్చే యాత్ర, నెల దాకా నడుస్తుంది, పనికోసం సూరత్ వెళ్లినవాళ్లు కూడా సెలవు పెట్టి దిగుతారు. పదిహేను నుంచి పాతికేళ్ల వాళ్లు ఇంతమంది ఒకేచోట మళ్లీ దొరకరు. సంఘంలో రెండు ముఠాలయ్యాయి. ఒకరేమో పులిరాజా టైపులో పెద్ద ఫ్లెక్సీలు కట్టి, స్టాలు పెట్టి, కండోమ్‌లు ఉచితంగా పంచుదామంటారు. రెండోవాళ్లు గోడ మీద ఏమీ వద్దు, పదేసి మందిని కూర్చోబెట్టి తలుపు వేసుకుని మాట్లాడదాం, ఆడపిల్లలకి వేరేగా పెడదాం అంటారు. డబ్బు రెండింటికీ చాలదు. నేను రెండో ముఠా. మీరేమంటారు?

పాతబస్టాండ్:
నా ఓటు గోడకే. 2000ల మొదట్లో పలాసలో రైలు దిగితే పులిరాజాకి ఎయిడ్స్ వస్తుందా అని హోర్డింగు. టీకొట్టు దగ్గర అదే మాట, బస్సులో అదే మాట. అంతకుముందు ఎయిడ్స్ అన్న పేరు పైకి అనడానికే జంకేవాళ్లు. మీరు పదిమందిని గదిలో కూర్చోబెడితే పదకొండోవాడికి ఎవరు చెబుతారు?

నైట్‌డ్యూటీ:
పాతబస్టాండ్ గారూ, పేరు అందరికీ గుర్తుంది. అది ఎలా సోకుతుంది, పరీక్ష ఎక్కడ చేస్తారు అని ఆ హోర్డింగు చూసినవాళ్లని అడిగి చూడండి. రాజా అని పేరున్న ప్రతివాణ్నీ ఏడిపించడం మాత్రం బాగా గుర్తు.

నేను గంజాం జిల్లాలో ఒక ప్రభుత్వాసుపత్రిలో కౌన్సెలింగ్ చూస్తాను. మా దగ్గరికి వచ్చే కుర్రాడు ముందు ఎయిడ్స్ గురించి అడగడు. హస్తప్రయోగం వల్ల నరాలు పాడవుతాయా, పెళ్లికి పనికొస్తానా అని అడుగుతాడు. ఆ భయం వాడి బుర్రలోకి ఎక్కించింది రైలు కట్ట పక్క గోడల మీద రాసుండే గుప్తరోగాల డాక్టర్ల ప్రకటనలు. అంటే గోడల మీద ప్రచారం ఎప్పటినుంచో నడుస్తోంది, నడిపేవాళ్లే వేరు. హస్తప్రయోగం వల్ల ఒంటికి ఏ నష్టమూ లేదని గట్టిగా చెబితే సగం టెన్షన్ దిగుతుంది. అప్పుడు అసలు సంగతి బయటికొస్తుంది.

అసలు సంగతి చాలాసార్లు పుండు. సవాయి (సిఫిలిస్) పుండు నొప్పి పెట్టదు, మందు వెయ్యకపోయినా కొన్ని వారాల్లో మానిపోతుంది. ఈలోపు ఆర్‌ఎంపీ ఇచ్చిన క్యాప్సూల్స్ మింగి ఉంటాడు కదా, వాటితోనే తగ్గిందనుకుంటాడు. రోగం ఒంట్లోనే ఉంటుంది, రేపు పెళ్లయ్యాక భార్యకి వెళుతుంది, కడుపులో బిడ్డకీ వెళుతుంది. పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో నయమయ్యే జబ్బు ఇది! సెగరోగమైతే (గనేరియా) మగాడికి మంట పుడుతుంది కాబట్టి పరిగెత్తుకొస్తాడు. ఆడమనిషికి చాలాసార్లు ఏమీ తెలియదు. అతనొక్కడే మందు వాడితే మళ్లీ అంటుకుంటుంది. ఇదంతా ఏ ఫ్లెక్సీ మీద రాస్తారు?

ఇద్దరాడపిల్లల_నాన్న:
జబ్బుల గురించి చెప్పండి, కాదనను. పండగలో స్టాలు పెట్టి పెళ్లికాని పిల్లలకి అవి పంచడమేంటి? పంచినవాడు తప్పు లేదన్నట్టే కదా. మాది ఇరుకు వీధి. ఆ స్టాలు దగ్గర మా అమ్మాయి ఒక్క నిమిషం నిలబడితే సాయంత్రానికి వీధంతా తెలుస్తుంది. సంబంధాలు చూసే టైములో ఆ మాట ఎవరు మోస్తారు, మీ సంఘమా? ఆడపిల్లలకి ఇంట్లో వాళ్లమ్మ చెప్పుకుంటుంది.

గుణుపూర్_పిల్ల:
అంకుల్, మా అమ్మకి ఎవరైనా చెబితే కదా ఆవిడ నాకు చెప్పడానికి! తెల్లబట్ట అవుతోంది, దురదగా ఉంది అంటే వేడి చేసింది, మజ్జిగ తాగు అంటుంది. మా పిన్నిదీ అదే వైద్యం. వాసన, దురద, పొత్తికడుపులో నొప్పి ఉంటే చూపించుకోవాలని నాకు కాలేజీ హాస్టల్లో ఒక సీనియర్ చెప్పేదాకా తెలియదు.

ఇక్కడ అందరూ కుర్రాళ్ల గురించే మాట్లాడుతున్నారు. మా వైపు నుంచి అడగాల్సినవి వేరే ఉన్నాయి. వద్దు అంటే ఎలా చెప్పాలి, ఫోటో పెట్టుకుని బెదిరిస్తే ఎవరి దగ్గరికి వెళ్లాలి, గర్భం రాకుండా మెడికల్ షాపులో ఇచ్చే మాత్ర ఎన్ని గంటల్లోపు వేసుకోవాలి. డెబ్బై రెండు గంటల లోపు, ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిదని తెలిసిన పెళ్లయినవాళ్లు కూడా మా వీధిలో తక్కువే.

ఇంకోటి. మీ ఫ్లెక్సీలు తెలుగులో రాయిస్తారా? మాలో చాలామంది ఒడియా మీడియం. ఇంట్లో తెలుగే, చదవడం మాత్రం రాదు. ఇది కూడా ఫోన్‌లో మాట్లాడితే టైపు అవుతోంది. తెలుగులో ఆడియో చేసి వాట్సాప్‌లో పంపితే ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వింటాం. పక్కనున్నవాళ్లకి కూడా తెలియదు.

లూమ్స్_సూరత్:
పూరీ–అహ్మదాబాద్ బండిలో ఏళ్ల తరబడి తిరుగుతున్నవాణ్ని, ఒక మాట చెప్తాను. ఫ్లెక్సీ మీద భుజాన బ్యాగు వేసుకుని రైలు దిగే కుర్రాడి బొమ్మ మాత్రం వెయ్యకండి. గంజాం నుంచి సూరత్ వెళ్లేవాళ్లకి హెచ్‌ఐవీ అన్న పేరు ఇప్పటికే పడిపోయింది. ఊరికొస్తే పిల్లనిచ్చేవాళ్లు అదే అనుమానంతో చూస్తారు. ఆ బొమ్మ కడితే పరీక్షకి వెళదామనుకున్నవాడు కూడా మానేస్తాడు, వెళ్లాడంటే ఒప్పుకున్నట్టే అవుతుంది కాబట్టి. మాకు తెలిసిందంతా రూములో ఫోన్‌లో చూసిన వీడియోలే. పన్నెండు గంటల డ్యూటీ చేసి వచ్చినవాడికి ఎవరు క్లాసు చెబుతారు?

పోయినసారి సెలవుకి వచ్చి పరీక్ష చేయించుకుందామని ఆసుపత్రికి వెళ్లాను. ఆ గది ఓపీ క్యూ పక్కనే. క్యూలో మా చిన్నత్త! షుగర్ చూపించుకోవడానికి వచ్చానని చెప్పి తిరిగొచ్చేశాను. గదా గోడా అని తర్వాత కొట్టుకోండి, ముందు ఆ తలుపు సంగతి చూడండి.

కాలేజీరోడ్_బరంపురం:
సరిగ్గా ఇదే నా బాధ. ఆలోచించు, జాగ్రత్తపడు అని ఎంత అందంగా రాసినా, తర్వాత ఎక్కడికి వెళ్లాలో చెప్పకపోతే అది సున్నం కొట్టడమే. 2014లో కేంద్రం మొదలుపెట్టిన కిశోర ఆరోగ్య కార్యక్రమం కింద పది నుంచి పంతొమ్మిదేళ్ల వాళ్లకి ప్రత్యేకంగా క్లినిక్‌లు ఉన్నాయి, ఒడిశాలో శ్రద్ధా క్లినిక్ అంటారు. మా సంఘంలోనే ఆ పేరు విన్నవాళ్లు లేరు. హెచ్‌ఐవీ గురించి ఏం అడగాలన్నా ఉచితంగా ఫోన్ చేసే నంబరు 1097 ఉంది. అదీ అంతే.

లా_థర్డ్‌ఇయర్:
మీ కరపత్రం డ్రాఫ్ట్ పంపావు కదా అన్నా, అందులో మీరు చెప్పింది ఎవరికీ చెప్పం అని ఉంది. పద్దెనిమిది దాటినవాళ్లకి సరే. 2017 హెచ్‌ఐవీ చట్టం ప్రకారం సమ్మతి లేకుండా పరీక్ష చెయ్యకూడదు, ఫలితం బయటపెట్టకూడదు. పద్దెనిమిది లోపు వాళ్లకి అలా మాట ఇవ్వలేరు. పిల్లలపై లైంగిక నేరాల మీద వచ్చిన 2012 పోక్సో చట్టంలో వాళ్ల ఇష్టానికి విలువ లేదు. పదిహేడేళ్ల ఇద్దరు ఇష్టపడి కలిసినా అది నేరమే, 19వ సెక్షన్ ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకి చెప్పాలి, చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు. 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కొంత ఊరట ఇచ్చింది. గర్భస్రావం కోసం వచ్చిన మైనర్, వాళ్ల సంరక్షకులు కోరితే డాక్టరు ఆ ఫిర్యాదులో పేరు బయటపెట్టనక్కర్లేదంది. అది డాక్టర్లకి, ఆ ఒక్క పనికి. మీ సంఘానికి వర్తించదు. కాబట్టి సమావేశం మొదట్లోనే ఈ సంగతి చెప్పెయ్యండి.

నైట్‌డ్యూటీ:
మొదటి మాటే పోలీసులు అయితే ఒక్క పిల్లా నోరు విప్పదు. ఇంట్లోవాళ్లే ఇబ్బంది పెడుతున్న పిల్ల అయితే అసలే విప్పదు.

లా_థర్డ్‌ఇయర్:
అలాంటి పిల్ల కోసమే పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది సిస్టర్, చెప్పాల్సిందే. అలాగని మాట ఇచ్చి తర్వాత స్టేషన్‌కి పంపడం మోసం కాదా?

నైట్‌డ్యూటీ:
మోసమే. అందుకే పేరు లేకుండా చీటీలు రాయించండి. ఒక డబ్బా పెట్టి, ముందురోజే ప్రశ్నలు వెయ్యమని, మర్నాడు అందరికీ కలిపి జవాబు చెప్పండి. ఎవరి కథా ఎవరూ చెప్పనక్కర్లేదు. వ్యక్తిగతంగా మాట్లాడాలనుకున్న వాళ్లకి మాత్రం నియమం ముందే చెప్పాలి, అది ఒప్పుకుంటాను. చీటీలు తీసేటప్పుడు బూతులు కూడా వస్తాయి, కంగారుపడకండి. వాటిలో సగం నిజమైన అనుమానాలే.

బల్లార్షా:
మా మహారాష్ట్ర అనుభవం ఒకటి. 2007లో స్కూళ్లలో కిశోర విద్యా కార్యక్రమం పుస్తకాల్లో బొమ్మలు అసభ్యంగా ఉన్నాయని గొడవ లేచి, ప్రభుత్వం ఆ కార్యక్రమాన్నే ఆపేసింది. బొమ్మ కోసం పాఠం పోయింది. యాత్రలో స్టాలు పెడితే మీకూ అదే జరగొచ్చు.

పాతబస్టాండ్:
భయపడి అన్నీ గదిలోనే చేస్తే అది రహస్యం అన్న ముద్ర ఎప్పటికీ పోదు. నేను ఇంకా గోడ పక్షమే. పేరూ బొమ్మా లేకుండా 1097 అంకెలు పెద్దగా, కింద ఇది ఉచితం అని ఒడియాలో, తెలుగులో ఆటోల వెనక రాయించండి. ఫ్లెక్సీ ఖర్చు కూడా ఉండదు.

లూమ్స్_సూరత్:
ఆటో వెనక అయితే ఎవరు చూశారో ఎవరికీ తెలియదు. బాగుంది బావూ. దాంతోపాటు పొరపాటు జరిగితే డెబ్బై రెండు గంటల్లోపు ఆసుపత్రికి వెళ్లాలని కూడా ఆడియోలో పెట్టండి. హెచ్‌ఐవీ రాకుండా ఇరవై ఎనిమిది రోజులు వాడే మందులున్నాయని మా రూములో ఎవడికీ తెలియదు, నాకూ పోయిన ఏడాదే తెలిసింది.

కాలేజీరోడ్_బరంపురం:
ప్రస్తుతానికి ఇలా అనుకుంటున్నాం. యాత్రలో స్టాలు లేదు. ఆటోల వెనక నంబరు, వాట్సాప్‌లో చిన్న చిన్న ఆడియోలు, ఆడపిల్లలవి ఆడగొంతుతో. గుణుపూర్ చెల్లీ, నువ్వు చదివి పెడతావా? చీటీల డబ్బాతో సమావేశాలు, మొదటిది తల్లులకి. పరీక్ష గది ఓపీ క్యూ దగ్గర నుంచి మార్చమని, లేకపోతే సాయంత్రం రెండు గంటలు విడిగా తెరవమని ఆసుపత్రికి అర్జీ పెడతాం. వాళ్లు ఒప్పుకునేదాకా ఆడియోలో ఆ ఆసుపత్రి పేరు చెప్పం.

గుణుపూర్_పిల్ల:
చదువుతాను. నా గొంతు మా వీధిలో గుర్తుపడతారు, వేరే ఊరి అమ్మాయిది మాకు, నాది వాళ్లకి పంపండి.

ఇద్దరాడపిల్లల_నాన్న:
తల్లుల సమావేశానికి మా ఆవిడ వస్తుంది. తండ్రులకి కూడా పెడితే నేనూ వస్తాను. కండోమ్ డబ్బా బల్ల మీద కనిపిస్తే మాత్రం లేచిపోతాను.

నైట్‌డ్యూటీ:
నిరోధ్ ఎలాగూ ఆసుపత్రిలో ఉచితమే అండీ, బల్ల మీద పెట్టం. మగాళ్ల మరుగుదొడ్డి గోడకి ఒక పెట్టె తగిలిస్తాం, మీరు అటు చూడకండి.

ఇద్దరాడపిల్లల_నాన్న:
అది వేరే చర్చ. దానికి వేరే థ్రెడ్ తెరవండి, అక్కడ గొడవపడదాం.