అప్‌డేట్: ఫార్మాల్ ఎం ట్రాక్టర్, 3వ సిలిండర్ నాకింగ్‌కి (ఇంధనం అదుపు తప్పి మండి ఇంజన్ టకటక కొట్టడానికి) కారణం దొరికింది

4 అంగుళాల డోమ్ పిస్టన్లు (పైభాగం ఉబ్బెత్తుగా ఉండేవి) వేశాక, ట్రాక్టర్ పుల్లింగ్ పోటీలో లోడ్ పడగానే 3వ సిలిండర్ కొడుతోందని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. పిస్టన్ పైన మిగిలే ఖాళీని బ్యూరెట్‌తో (గీతలున్న కొలత గొట్టంతో) కొలవమన్నవారికి చాలా థాంక్స్, అదే పట్టించింది.

మెషినిస్టు పిస్టన్‌ని టీడీసీలో (అది చేరే అత్యంత పై స్థానంలో) పెట్టి, రింగుల చుట్టూ గ్రీజు పూసి, ప్లగ్ రంధ్రం పైకి ఉండేలా ఇంజన్ వంచి కిరోసిన్ నింపాడు. మిగతా మూడు సిలిండర్లలో 154 సీసీ పట్టింది, 3వ దాంట్లో 141. స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 5¼ అంగుళాలు, అంటే మిగతావాటి కంప్రెషన్ రేషియో 8:1 అయితే దీనిది 8.7:1, అందుకే ఇదొక్కటే కొట్టింది. సెట్‌లో ఒక పిస్టన్ డోమ్ ఎత్తు ఎక్కువ. తూకంలోనూ సుమారు 35 గ్రాములు తేడా. క్రౌన్ (పిస్టన్ పైభాగం) మందం చూసుకుని లేత్‌పై డోమ్ తగ్గించాక సీసీ, తూకం రెండూ మిగతావాటితో సరిపోయాయి, నాకింగ్ పోయింది.

కార్బురేటర్ జెట్‌కి, స్పార్క్ ఇచ్చే మాగ్నెటోకి దీంతో సంబంధం లేదు. కొత్త పిస్టన్లు బిగించేముందే తూచండి.