నది కోత మీద పనిచేయాలంటే ఏ ఎంటెక్ మంచిది?

మాది కోనసీమలో ఒక లంక ఊరు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 13.75 అడుగులకు చేరి రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చారంటే నాన్న గేదెల్ని ఏటిగట్టు మీదికి తోలేసేవారు. వరద తీశాక చూస్తే ఒడ్డు కోసుకుపోయి, కొబ్బరిచెట్లు వేళ్లతో సహా గోదాట్లో పడి ఉండేవి. ఇటు కోత, అటు ఇసుక మేట ఎందుకనేదే అప్పట్నుంచీ నా ధ్యాస.

ఇప్పుడు సివిల్ ఆఖరి ఏడాది. గేట్ రాసి వరంగల్ నిట్‌లో వాటర్ రిసోర్సెస్ తీసుకోవాలా, రూర్కీ ఐఐటీలో హైడ్రాలజీకి ప్రయత్నించాలా? ఇంట్లో సాఫ్ట్‌వేర్ అంటున్నారు (ఎవరింట్లో అనరు లెండి!). ఇరిగేషన్ శాఖ ఉద్యోగం రాకపోతే వేరే దారులేమున్నాయి? నదిలో నీటి ప్రవాహాన్ని లెక్కగట్టే హెక్‌రాస్ సాఫ్ట్‌వేర్ ఇప్పుడే నేర్చుకోవాలా? ఈ రంగంలో ఉన్నవాళ్లు కాస్త చెప్పండి.