మనసులో మాట చెప్పలేకపోవడం మర్యాదా, పిరికితనమా?

సార్వా రైతు: మా చేనుకు ఆనుకుని నిరుడు రొయ్యల చెరువు తవ్వారు. ఆ గట్టు పక్క వరి ఎర్రబడుతోంది. చెరువు ఆసామి రోజూ ఎదురుపడతారు. "పిల్లలు బాగున్నారాండీ" అంటారు, "బాగున్నారండీ" అంటాను. నీళ్ల సంగతి నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. ఇంటికెళ్లాక మాత్రం మా ఆవిడకు గంటసేపు ఉపన్యాసం. మన గోదావరి వాళ్లకు మర్యాద ఎక్కువై నోరు పడిపోయిందా?

కొబ్బరితోట: మర్యాదను ఆడిపోసుకోకండి. 2020 నాటి చట్టం ప్రకారం చెరువుకు లైసెన్సు ఉండాలి. ఉందా అని నవ్వుతూనే అడగవచ్చు. ఇంతకీ అది ఉప్పునీటి చెరువా, మంచినీటి చెరువా?

సార్వా రైతు: బోరు నీళ్లు, కాస్త ఉప్పగానే ఉంటాయి. నేను అడిగింది అది కాదండీ.

కొబ్బరితోట: అసలు సంగతి అదే. వనామీ రొయ్య ఉప్పు తక్కువున్న నీటిలోనూ పెరుగుతుంది. వరి ఎర్రబడటానికి జింకు లోపమూ కారణం కావచ్చు. మట్టి, నీరు పరీక్ష చేయించకుండా పక్కవారిని అనుమానించడం తగదు.

భీమవరం కోడలు: మా అత్తగారి పులుసులో బెల్లం ఎక్కువని ఇప్పటికీ చెప్పలేదు. మళ్లీ వడ్డించుకుంటున్నాను కూడా.

కౌలుదారు: మీవన్నీ కడుపు నిండిన మొహమాటాలు. 2019 చట్టం ప్రకారం సాగుదారు హక్కు పత్రం రావాలంటే 11 నెలల ఒప్పందం మీద భూ యజమాని సంతకం కావాలి. పత్రం లేకపోతే పంట రుణం అందడం కష్టం, తుపాను పరిహారం మా దాకా రావడమూ కష్టమే. అడుగుదామని దసరాకు వెళ్లాను, సంక్రాంతికి వెళ్లాను. కాఫీ ఇస్తారు, పిల్ల చదువు గురించి అడుగుతారు. తాగి, నమస్కారం పెట్టి వచ్చేశాను.

కొబ్బరితోట: అడగకపోతే ఆయనకెలా తెలుస్తుంది? మా కౌలు రైతు ఒక్కనాడూ అడగలేదు. అవసరం లేదనే కదా?

కౌలుదారు: అడిగితే దాళ్వాకు, అంటే రెండో పంటకు, ఆ చేను ఇంకొకరికి వెళ్లిపోతుందని. మీకు తెలియదా?

కొబ్బరితోట: నన్నెందుకు దోషిని చేస్తారు? సంతకం పెట్టాక రేపు కౌలు రైతు ఈ భూమి నాదంటే మేం కోర్టుల చుట్టూ తిరగాలా?

కౌలుదారు: ఆ పత్రంతో భూమి మీద హక్కు రాదని చట్టమే చెబుతోంది. ఈ అనుమానం మీ రైతుతో ఎప్పుడైనా అన్నారా? అనలేదు. ఆయన అవసరం ఆయన చెప్పరు, మీ భయం మీరు చెప్పరు. మీకు మాత్రం ఏ నష్టమూ లేదు. మునిగిన పంట ఆయనది.

లంకవాసి: ఒక్కరే అయితే ఎవరైనా జంకుతారు. 2011లో కోనసీమ రైతులు వానాకాలం సార్వా వరి వేయబోమని పంట విరామం ప్రకటించి, కలిసికట్టుగా చెప్పలేదా?

కొబ్బరితోట: ఆ విరామంలో మేమూ ఉన్నాం. దేశమంతా విన్నది.

కౌలుదారు: మీరు ఉండే ఉంటారు. ఆ ఏడు చేను బీడు పెడతామని మా నాన్నకు కబురు పంపారు, ఆయన ఏమనుకుంటున్నారో ఎవరూ అడగలేదు. పనిలేక కాకినాడ వెళ్లి మూటలు మోశారు.

సార్వా రైతు: అయ్యా, నా చెరువు సంగతి...

కొబ్బరితోట: ఉండండి. కౌలుదారు గారూ, మీది ఏ ఊరు? ఆ ఆసామి నాకు తెలిసినవారైతే నేనే మాట్లాడతాను.

కౌలుదారు: ఊరు చెప్పను. ఆయన కూడా ఇక్కడ చదువుతుంటారేమో.