‘మా భూమి’ నాటకం: 1947 నాటి ప్రదర్శన సమీక్షలు ఎక్కడ దొరుకుతాయి?

ప్రశ్న: పరిశోధక విద్యార్థి, గుంటూరు

అందరికీ నమస్కారం. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు గార్ల ‘మా భూమి’ మీద పరిశోధన చేస్తున్నాను. కమ్యూనిస్టుల నాటక సంస్థ ప్రజానాట్యమండలి దీన్ని ఆడినప్పుడు చూసినవాళ్లు ఏమన్నారో కావాలి. కంప్యూటర్‌లో పేరు కొడితే 1979 నాటి సినిమా సంగతులే వస్తున్నాయి. గ్రంథాలయం కార్డుల్లో నాటకం పుస్తకం దొరికింది, సమీక్షల జాడ లేదు. మా గైడు గారేమో ‘సాహిత్య చరిత్రల్లో తర్వాత రాసింది చాలదు, ఆనాటి మాట తీసుకురా’ అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: విశ్రాంత గ్రంథపాలకుడు

బాబూ, సమీక్షకు ఎవరూ కార్డు రాయరు. కార్డు పత్రికకే ఉంటుంది. నాటకం పేరు పక్కన పెట్టి ఊరు, తేదీ పట్టుకోండి. పాత నటుల జ్ఞాపకాలు, సంస్మరణ సంచికలు తిరగేస్తే ఫలానా ఊళ్లో ఫలానా నెలలో ఆడామన్న మాట ఎక్కడో ఒకచోట తగులుతుంది. తర్వాత ఆ వారం దినపత్రికలు తీయండి. ముందు ప్రకటన కనిపిస్తుంది. సమీక్ష ఉంటే ఆ వెనకే ఉంటుంది.

‘సమీక్ష’ అన్న శీర్షిక కోసం చూస్తే ఏమీ దొరకదు. జిల్లా వార్తల్లో, రైతు మహాసభ వార్త చివరి పేరాలో, ‘రాత్రి నాటకము ప్రదర్శింపబడినది’ తరహా వాక్యం వెంబడి నాలుగు మాటలుంటాయి. బైండు చేసేవాడు అంచు గట్టిగా కుట్టేసి ఉంటే లోపలి కాలమ్ మొదటి అక్షరాలు కుట్టులోకి పోతాయి. అలాంటప్పుడు సంపుటాన్ని బలవంతంగా విప్పకండి, కాగితం పుటుక్కున విరుగుతుంది. పేజీని వాలుగా పట్టుకుని చదవండి.

పుస్తక సమీక్ష వేరు, ప్రదర్శన సమీక్ష వేరు. ‘భారతి’ వంటి మాసపత్రికలో రాసేవాడు పుస్తకం ముందు పెట్టుకుని భాష గురించీ సన్నివేశాల గురించీ మాట్లాడతాడు. నటుడి గొంతు చివరి వరుసకు వినిపించిందా, జనం ఎక్కడ చప్పట్లు కొట్టారు అన్నది మీకు దినపత్రికలోనే దొరుకుతుంది. ఈ రెండూ కలిపేసిన సిద్ధాంత గ్రంథాలు చాలా చూశాను, చిరాకు పుడుతుంది.

వేటపాలెం సారస్వత నికేతనం, హైదరాబాదు బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం తప్పక చూడండి. పూర్వపు ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించిన పత్రికలు ఇంట్లోనే చూడవచ్చు. కాకపోతే అవి బొమ్మలు, లోపలి మాటను కంప్యూటర్ వెతకలేదు. తేదీ పట్టుకుని పేజీలు తిప్పవలసిందే. తెలుగు సంవత్సరం పేరుతో గుర్తించిన సంచికలు తగిలితే 1947 ఉగాది నుంచి 1948 ఉగాది దాకా సర్వజిత్తు. జనవరి 1947 కావాలంటే దానికి ముందటి ‘వ్యయ’ నామ సంవత్సరం సంపుటం అడగాలి.

జవాబు: రంగస్థల అభిమాని, విజయవాడ

పై సలహాకు ఒక చేర్పు. ఆ రోజుల్లో ‘ప్రజాశక్తి’ కమ్యూనిస్టు పార్టీ పత్రిక, ప్రజానాట్యమండలి వాళ్ల సొంత మనుషులు. మెచ్చుకోకుండా ఎందుకుంటుంది? అదే వారం ‘ఆంధ్రపత్రిక’, ‘ఆంధ్రప్రభ’ కూడా తీయండి. వాటిలో ఒక్క ముక్క లేకపోతే, ఆ సంగతి కూడా తేదీలతో సహా రాసుకోవలసిందే.

సినిమా గొడవ తేలికగా వదులుతుంది. దానికి ఆధారం కిషన్ చందర్ ఉర్దూ నవల, ఈ నాటకం కాదు. 1979 తర్వాతి కాగితాల్లో ‘మా భూమి’ అని కనిపిస్తే ఏది అన్నది చూసుకుని రాసుకోండి.

ప్రశ్నించినవారు మళ్లీ

ఇద్దరికీ కృతజ్ఞతలు. నాటకాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది కదా, ఆ వైపు నుంచి ఏమైనా దొరుకుతుందా?

జవాబు: విశ్రాంత గ్రంథపాలకుడు

మంచి ప్రశ్న. ఆనాటి మద్రాసు ప్రభుత్వ దస్త్రాలకు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో అడగండి. నాటకం నచ్చనివాడు ఏ మాటకు ఉలిక్కిపడ్డాడో నిషేధపు కాగితం చెబుతుంది, మెచ్చుకున్న పత్రిక చెప్పదు. కన్నెమరా గ్రంథాలయం కూడా ఎగ్మూరులోనే ఉంది, ఒకే ప్రయాణంలో రెండూ చూసుకోండి. విశ్వవిద్యాలయం నుంచి పరిచయ లేఖ తీసుకెళ్లండి. ఏ కాగితం చూసినా పత్రిక పేరు, తేదీ, పేజీ, కాలమ్ అక్కడికక్కడే రాసుకోండి. ఫోనులో ఫొటో తీసేటప్పుడు పేజీ పైన తేదీ కూడా పడేలా చూడండి.