ఆఫీసు, ఇల్లు, నిద్ర పోగా మిగిలిన టైమ్‌లో ఆరోగ్యం ఎలా చూసుకుంటున్నారు?

ఏడింటి_బస్సు
అందరికీ నమస్కారం. ఉదయం ఏడింటికి బయల్దేరితే మళ్ళీ ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిది. పాపకి నాలుగేళ్ళు. రెండేళ్ళలో 9 కిలోలు పెరిగాను. మొన్న టెస్టుల్లో షుగర్ బార్డర్‌లో ఉందన్నారు, అప్పట్నుంచి ఒకటే టెన్షన్. పగలంతా బాగానే ఉంటాను. నా కష్టమంతా ఆ రాత్రి ఎనిమిదింటికే. భుజాన బ్యాగు కూడా దించకుండా వంటింట్లోకి వెళ్ళి, బిస్కెట్లో చిప్సో ఏది చేతికందితే అది నిలబడే తినేస్తాను. తర్వాత వంట చేసి మళ్ళీ తింటాను. పోయిన నెల నుంచి ఆదివారం పూట వారానికి సరిపడా వండి డబ్బాల్లో పెట్టుకుంటున్నాను, కాస్త నయంగా ఉంది. పదివేల అడుగులు మాత్రం ఎంత ప్రయత్నించినా అవట్లేదు, నాలుగున్నర వేల దగ్గరే ఆగిపోతున్నాను. మోకాలు కూడా కొంచెం నొప్పి. మీరంతా ఎలా చేస్తున్నారు?

మెట్లదారి
ఆ పదివేల లెక్క గురించి బాధపడకండి. అది డాక్టర్లు పెట్టింది కాదు. 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే యంత్రం ఒకటి అమ్మకానికొచ్చింది, దాని పేరుకే ‘పదివేల అడుగుల మీటరు’ అని అర్థం. ఆ అంకె అలా ఉండిపోయింది. 2019లో సగటున 72 ఏళ్ళున్న పదహారు వేల మందికి పైగా ఆడవాళ్ళ మీద ఒక అధ్యయనం వచ్చింది. రోజుకు 2,700 అడుగులు వేసేవాళ్ళ కంటే 4,400 వేసేవాళ్ళలో మరణాలు బాగా తక్కువ. 7,500 దాటాక పెద్దగా తేడా లేదు. మీరు వేసే నాలుగున్నర వేలు తీసిపారేసేవి కావు. నేను ఆఫీసులో నాలుగో అంతస్తుకి లిఫ్ట్ మానేసి ఏడాదైంది, ఇప్పుడు ఆయాసం లేకుండా ఎక్కుతున్నాను.

ఐరన్_అన్న
14 ఏళ్ళుగా ట్రైనింగ్ ఇస్తున్నాను, అనుభవంతో చెప్తున్నాను. అడుగుల లెక్కలు పక్కన పెట్టండి, బరువులెత్తండి. కండ ఉంటేనే తిన్న చక్కెర వెళ్ళడానికి చోటుంటుంది. వారానికి రెండు రోజులు అరగంట చాలు. ప్రొటీన్ కిలో శరీర బరువుకి 1.6 గ్రాములు. 70 కిలోలుంటే 112 గ్రాములన్నమాట. గుడ్డుకి ఆరు గ్రాములు చొప్పున లెక్కేసుకుంటే మీరు తినేది ఎంతో మీకే తెలుస్తుంది. ఇక వారం వంట ఒకేసారి వండుకోవడం చాలా మంచి పద్ధతి. నా దగ్గరకొచ్చేవాళ్ళందరూ అదే చేస్తారు. ఏడు రోజులు ఫ్రిజ్‌లో నిక్షేపంగా ఉంటుంది.

వేడివేడిగా
ఏడు రోజుల తిండా? అది తినడం కన్నా పస్తుండటం మేలు. నిలవ తిండిలో సత్తువ ఏముంటుందండీ, అంతా చచ్చిపోతుంది. నేనూ ఉద్యోగం చేశాను, ఇద్దరు పిల్లల్ని పెంచాను, ఏ పూటకా పూట వండి పెట్టాను. మనసుంటే టైమ్ అదే దొరుకుతుంది.

రాత్రిషిఫ్ట్
మాలాంటి వాళ్ళ గురించి కూడా ఎవరైనా చెప్పండి. వారంలో ఐదు రాత్రులు డ్యూటీ. ఏది పొద్దున, ఏది రాత్రి భోజనమో నాకే తెలియట్లేదు.

మంచంపక్కన
వేడివేడిగా గారూ, ‘మనసుంటే టైమ్ దొరుకుతుంది’ అన్న మాట చదివి చెయ్యి వణికింది. మా నాన్న మంచాన పడి మూడేళ్ళు. ఉద్యోగం చేస్తూ ఆయన్ని చూసుకునేది నేనొక్కదాన్నే. ఉదయం ఆయన్ని శుభ్రం చేసి, మందులిచ్చి, తినిపించి, నేను తినకుండానే పరుగెత్తిన రోజులు లెక్కలేనన్ని. నాకు మనసు లేక కాదు. ఆ డబ్బాలు లేకపోతే నేను ఈపాటికి ఆసుపత్రిలో ఉండేదాన్ని. దయచేసి ఆ మాట ఎవరితోనూ అనకండి.

వేడివేడిగా
మీ పరిస్థితి నాకు తెలియదమ్మా, మిమ్మల్ని ఉద్దేశించి అనలేదు. కానీ నిలవ తిండి మంచిది కాదన్న మాట మీద మాత్రం నేను నిలబడతాను.

వార్డుడ్యూటీ
ఆసుపత్రిలో డైటీషియన్‌ని. ఇద్దరి మాటా సరిచేయాలి. సత్తువంతా చచ్చిపోదు. సి విటమిన్ లాంటివి నిలవలోనూ, మళ్ళీ వేడి చేయడంలోనూ తగ్గుతాయి. ప్రొటీన్, పీచు, ఖనిజాలు దాదాపు అలాగే ఉంటాయి. పక్కన ఒక పండో పచ్చి కూరముక్కలో పెట్టుకుంటే ఆ లోటు తీరుతుంది. అలాగని ఏడు రోజులు మాత్రం వద్దు. వండినవి ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులే, అదీ లోపల 4 డిగ్రీలో అంతకన్నా తక్కువో ఉంటేనే. మిగతా సగం వండిన రోజే ఫ్రీజర్‌లో పెట్టేయాలి.

ఐరన్_అన్న
మేడమ్, పుస్తకాల్లో చాలా రాస్తారు. ఇన్నేళ్ళలో నా దగ్గర ఒక్కరికి కూడా ఏమీ కాలేదు. వాసన చూస్తే తెలిసిపోతుంది.

వార్డుడ్యూటీ
వాసనకి తెలియదండీ, ప్రమాదమంతా అక్కడే ఉంది. అన్నాన్నే తీసుకోండి. బాసిల్లస్ సెరియస్ అనే బాక్టీరియా బీజాలు వండినా చావవు. అన్నాన్ని గంటలకొద్దీ బయట వదిలేస్తే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి. ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు, వాసనా ఉండదు, రుచీ మారదు. అందుకే రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్ళాలి. పెద్ద గిన్నెతో పెడితే మధ్యలో వేడి గంటలు గంటలు అలాగే ఉంటుంది, లోతు లేని డబ్బాల్లో పలచగా సర్దాలి. వాంతులతో వచ్చేవాళ్ళని వార్డులో చూస్తాను కాబట్టి ఇంతగా చెప్తున్నాను.

కొత్తకాపురం
వేడి వేడిది ఫ్రిజ్‌లో పెడితే ఫ్రిజ్ పాడవుతుంది కదా? మా ఇంట్లో పూర్తిగా చల్లారేదాకా ముట్టనివ్వరు.

వార్డుడ్యూటీ
పొగలు తగ్గేదాకా ఆగితే చాలు, పూర్తిగా చల్లారనక్కర్లేదు. మూత కొంచెం వారగా పెట్టండి. గట్టిగా బిగిస్తే ఆవిరి మూతకి పట్టి, బొట్లు బొట్లుగా కూరలో పడి నీళ్ళ నీళ్ళగా అవుతుంది. చల్లబడ్డాక మూత బిగించండి.

వేడివేడిగా
ఇన్ని జాగ్రత్తలు పడే బదులు రోజూ అరగంట వండుకోవడమే తేలిక కదా? నా మాట తప్పెలా అయిందో చెప్పండి.

మంచంపక్కన
అరగంట ఉన్నవాళ్ళకి తేలికే.

లెక్కలమాస్టారు
వంట గొడవ ఆపి నా మాట ఒకటి వినండి. నా చేతి వాచ్ నడకకి 400 కేలరీలు ఖర్చయ్యాయని చూపిస్తే, ఆ 400 తినొచ్చని ఎనిమిది నెలలు తిన్నాను. బరువు ఒక్క గ్రాము తగ్గలేదు. తర్వాత చదివితే తెలిసింది. 2017లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు ఏడు రకాల పరికరాల్ని పరీక్షించారు. గుండె వేగం చాలావాటిలో సరిగ్గానే ఉంది కానీ, కేలరీల దగ్గర అన్నిటికన్నా మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పు చూపించింది. ఆ అంకెని నమ్మి తినకండి. నేను ఆ స్క్రీనే తీసేశాను, తర్వాత నాలుగు నెలల్లో మూడు కిలోలు తగ్గాను.

ఐరన్_అన్న
వాచ్ విషయంలో మాస్టారితో వంద శాతం ఏకీభవిస్తాను. ఫ్రిజ్ విషయంలో మాత్రం నా అనుభవం నాది.

మెట్లదారి
అనుభవం అంటే అన్నా, సీటుబెల్టు పెట్టుకోకుండా ఇరవై ఏళ్ళు నడిపినవాళ్ళూ ఉన్నారు. అలాగని పెట్టుకోవద్దని చెప్పం కదా. మేడమ్ వార్డులో కళ్ళారా చూసి చెప్తుంటే వినాలి.

ఐరన్_అన్న
నాకు పాఠాలొద్దు తమ్ముడూ. నేను శిక్షణ ఇచ్చినవాళ్ళు మందులు తగ్గించుకున్నారు. నువ్వు నాలుగంతస్తులు ఎక్కి మాట్లాడుతున్నావు.

నిర్వాహకుడు
ఇద్దరూ వ్యక్తిగత మాటలు ఆపండి. ఇంకోసారి జరిగితే పోస్టులు తీసేస్తాను. రాత్రిషిఫ్ట్ గారు అడిగినదానికి ఎవరూ జవాబివ్వలేదు, చూడండి.

పన్నెండుగంటలు
రాత్రిషిఫ్ట్ బ్రదర్, ఆరేళ్ళు నైట్ డ్యూటీ చేశాను. నాకు పనిచేసింది చెప్తాను. డ్యూటీకి వెళ్ళే ముందే అసలు భోజనం. అర్ధరాత్రి దాటాక కడుపు నిండా తినకూడదు, ఒక ఉడికించిన గుడ్డో గుప్పెడు పల్లీలో చాలు. కాఫీ షిఫ్టు మొదటి సగంలోనే. ఇంటికొచ్చాక ఆకలితో నిద్ర పట్టదు కాబట్టి కొద్దిగా తిని పడుకోవాలి. కిటికీలకి నల్ల కర్టెన్లు కొన్న రోజు నుంచే నా జీవితం మారింది. నాలుగు గంటల నిద్ర ఆరున్నర అయింది, మధ్యాహ్నం లేవగానే తీపి కోసం వెతుక్కోవడం ఆగిపోయింది.

వార్డుడ్యూటీ
దీనికి ఆధారం కూడా ఉంది. 2004లో 12 మంది కుర్రాళ్ళని రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చి చూశారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ 28 శాతం పెరిగింది, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ 18 శాతం తగ్గింది. చిన్న అధ్యయనమే కానీ, నేను రోజూ చూసేదానితో సరిపోతుంది. నిద్ర లేనివాళ్ళకి నోరు కట్టుకోలేదని తిట్లు పడతాయి. అది చాలా అన్యాయం.

రాత్రిషిఫ్ట్
చాలా థాంక్స్ అన్నా, మేడమ్. కర్టెన్లు ఈ వారమే కొంటాను. ‘నోరు కట్టుకోలేవా’ అన్న మాట నాకు ఇంట్లో రోజూ వినిపించేదే.

కొత్తకాపురం
ఆ డబ్బాలు గాజువి మంచివా, ప్లాస్టిక్‌వా? మైక్రోవేవ్‌లో ఏవి పెట్టొచ్చు?

మంచంపక్కన
గాజువే కొనండి, మరకలు పట్టవు, వాసన పట్టదు. ఫ్రీజర్‌లోంచి తీసిన గాజు డబ్బా మాత్రం వెంటనే వేడి చేయకండి, నాది పగిలిపోయింది. రాత్రే కింది అరలోకి దించి పెట్టుకోవాలి.

ఏడింటి_బస్సు
ఇన్ని జవాబులొస్తాయనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. పది రోజుల్లో ఏం చేశానో చెప్తాను. గురువారం నుంచి తినేవి ఆదివారమే ఫ్రీజర్‌లో పెడుతున్నాను. బస్సు దిగే పావుగంట ముందు బ్యాగులోంచి ఒక పండు, కాసిని పల్లీలు తింటున్నాను. దాంతో ఇంటికొచ్చాక ముందు బ్యాగు దించుతున్నాను, చెప్పులు విప్పుతున్నాను, పాపని ఎత్తుకుంటున్నాను. ఆ తర్వాతే వంటింట్లోకి. బిస్కెట్ డబ్బా మూడు రోజులుగా తెరవలేదు. భోజనమయ్యాక పాపా నేనూ పది నిమిషాలు నడుస్తున్నాం. ఐరన్_అన్న గారూ, బరువులు కూడా మొదలుపెడదామనుకుంటున్నాను. కానీ మోకాలి సంగతి ఎవరూ చెప్పలేదు. కుర్చీలోంచి లేచేటప్పుడు ఎడమ మోకాలు ముందువైపు కలుక్కుమంటోంది.

ఐరన్_అన్న
తప్పు నాదే చెల్లెమ్మా, మోకాలు నొప్పి అన్నది చదివి కూడా పట్టించుకోలేదు. ముందు డాక్టరుకి చూపించండి. వాపుగానీ, కాలు పట్టేసినట్టుగానీ ఉంటే ఆగొద్దు. అలాంటిదేమీ లేదంటే ఎత్తు కుర్చీతో మొదలుపెడదాం. సీటు మీద దిండు వేసి, చేతులు ఆన్చి, నెమ్మదిగా కూర్చుని లేవడం ఎనిమిది సార్లు. నొప్పి పెరిగితే ఇంకో దిండు వేయండి. వారం చేసి ఎలా ఉందో ఇక్కడే రాయండి, తర్వాతది చెప్తాను.

వేడివేడిగా
బస్సు గారూ, ఆదివారం వండేటప్పుడు పప్పు కొంచెం గట్టిగా దించండి. ఫ్రీజర్‌లోంచి తీశాక వేడినీళ్ళు పోసి మరిగిస్తే అప్పుడే వండినట్టుంటుంది. నిన్న మా అమ్మాయి కోసం చేసి చూశాను.